ఎస్‌ఏపీలో పంపని సేల్స్ ఆర్డర్లను ఎంఆర్‌పీ లెక్కలోంచి తప్పించే పద్ధతి

100 పంపులకు ఆర్డరు. 96 వెళ్లాయి, బిల్లు అయింది. మిగతా 4 కస్టమర్‌కి అక్కర్లేదు. ఆ సంగతి సేల్స్ వాళ్లకు తెలుసు, ఎస్‌ఏపీకి (కంపెనీ పనులు నడిపే సాఫ్ట్‌వేర్) తెలియదు. అందుకే ఎంఆర్‌పీ (ఏ సరుకు ఎంత, ఎప్పుడు కావాలో లెక్కేసే ప్లానింగ్) రన్ ఆ 4 పంపులకూ ప్లాన్డ్ ఆర్డరు (తయారీ ప్రతిపాదన) వేస్తుంది, వాటి కింద షాఫ్టుకు, బేరింగుకు, కాస్టింగుకు రిక్విజిషన్లు (కొనుగోలు కోరే పత్రాలు) పుట్టిస్తుంది. ఇలాంటి తోకలు పది పోగైతే ఎవరూ అడగని సరుకు కోసం వర్క్‌షాపులో మెషీన్లు తిరుగుతాయి.

ముందు ఎండీ04 (స్టాకు, అవసరాల జాబితా) తెరిచి మెటీరియల్, ప్లాంటు ఇవ్వండి. ఎండీ04, వీఏ02 లాంటివి ఎస్‌ఏపీలో ఒక్కో స్క్రీన్‌ని తెరిచే కోడ్‌లు. కస్టమర్ ఆర్డర్ల వరుసల్లో తేదీ దాటిపోయినవి పైనే కనిపిస్తాయి. వాటికి పుట్టిన ప్లాన్డ్ ఆర్డర్ల మీద 06, 07 ఎక్సెప్షన్ మెసేజీలు ఉంటాయి. మొదలుపెట్టాల్సిన తేదీ, ముగియాల్సిన తేదీ గడిచిపోయాయని వాటి అర్థం. ఆ ఆర్డరు నంబర్లు రాసుకుని సేల్స్ వాళ్లతో కూర్చోండి. ఒక్కో ఆర్డరు ఎందుకు ఆగిందో తేలాకే చెయ్యి పెట్టాలి. కారణాన్ని బట్టి మందు మారుతుంది.

ఇక ఎప్పటికీ పంపేది లేదంటే రిజెక్షనే సరైన దారి. వీఏ02లో ఆర్డరు తెరిచి, ఆ ఐటమ్‌కి రీజన్ ఫర్ రిజెక్షన్ ఎంచుకుని సేవ్ చేయండి. పంపని 4 మాత్రమే రిక్వైర్‌మెంట్లోంచి (ప్లానింగ్ చూసే గిరాకీ లెక్కలోంచి) పోతాయి, పంపిన 96 పంపుల డెలివరీ చెక్కుచెదరదు. ఐటమ్‌ని డిలీట్ చేసే ప్రయత్నం వద్దు. డెలివరీ పుట్టిన ఐటమ్‌ని సిస్టమ్ చెరపనివ్వదు. పైగా ఎందుకు వదిలేశామన్నది రికార్డుగా మిగలాలి.

ఆర్డరు బతికే ఉంది, కస్టమర్ క్రెడిట్ తనిఖీ దగ్గర ఆగిందంటే రిజెక్ట్ చేయకూడదు. ఇక్కడే ఎక్కువమంది డెలివరీ బ్లాక్ పెట్టేసి పని అయిపోయిందనుకుంటారు. ఆర్డరు హెడర్‌లో పెట్టే ఆ బ్లాక్ డెలివరీని ఆపుతుందే గానీ ఉత్పత్తిని ఆపదు. ఎండీ04లో ఆ వరుస అలాగే నిలబడి ఉంటుంది. క్రెడిట్ బ్లాక్ ఉన్నంతకాలం రిక్వైర్‌మెంట్ ప్లానింగ్‌కి వెళ్లకూడదంటే ఓవీబీ8లో ఉన్న 101 రొటీన్ (చిన్న ప్రోగ్రామ్) కావాలి. దాన్ని సంబంధిత రిక్వైర్‌మెంట్ క్లాస్‌కి (ఒక రకం గిరాకీని ప్లానింగ్ ఎలా చూడాలో చెప్పే సెట్టింగు) కలిపితే, బ్లాక్ ఉన్న ఆర్డరు ప్లానింగ్‌లో కనిపించదు. క్రెడిట్ బ్లాక్ రిలీజ్ చేశాక రిక్వైర్‌మెంట్ వెళ్తుంది. ఇది కన్ఫిగరేషన్ పని, టెస్ట్ సిస్టమ్‌లో చూడకుండా లైవ్‌లోకి తేవద్దు.

ఒకటి రెండు ఆర్డర్లను మాత్రమే పక్కన పెట్టాలంటే షెడ్యూల్ లైన్ (ఎప్పుడు ఎంత పంపాలో చెప్పే వరుస) కేటగిరీ మార్చొచ్చు. ఐటమ్‌లోని షెడ్యూల్ లైన్ల ట్యాబ్‌లో సీపీ (ఎంఆర్‌పీకి వెళ్లేది) స్థానంలో సీఎన్ (ప్లానింగ్ లేనిది) పెడితే ఆ లైను ప్లానింగ్‌కి వెళ్లదు. సిస్టమ్ ఒప్పుకోకపోతే, వీఓవీ5లో ఆ ఐటమ్ కేటగిరీకి సీఎన్‌ను చేత్తో మార్చుకునే అనుమతి లేదన్నమాట. సీఎన్ పెట్టిన ఆర్డరు రేపు నిజంగా పంపాల్సి వస్తే దానికోసం ఎవరూ తయారు చేసి ఉంచరు. అందుకని ఎవరు, ఎప్పుడు తిరిగి సీపీకి మారుస్తారో ఆ రోజే తేల్చుకోండి.

మొత్తం ఒక రకం ఆర్డర్లే ప్లానింగ్‌కి అక్కర్లేకపోతే ఓవీజెడ్‌జీలో రిక్వైర్‌మెంట్ క్లాస్‌కి ‘నో ఎంఆర్‌పీ’ అనే గడి ఉంది. 1 పెడితే ఆర్డరు ఎండీ04లో కనిపిస్తుంది, ప్లాన్ కాదు. 2 పెడితే కనిపించదు కూడా. 1 మేలు, ప్లానర్ కళ్లముందు ఉంటుంది. ఉన్న క్లాస్‌ని కదపకుండా కాపీ చేసి కొత్తది వాడండి. లేకపోతే అదే క్లాస్‌ని వాడే మిగతా మెటీరియల్స్ అన్నీ దెబ్బతింటాయి.

అసలు గందరగోళం స్ట్రాటజీ 40 (వచ్చిన ఆర్డర్లను ఫోర్‌కాస్ట్‌లోంచి తగ్గించే ప్లానింగ్ పద్ధతి) ఉన్న మెటీరియల్స్‌లో. నెలకు 100 ఫోర్‌కాస్ట్ ఉంది, 60కి ఆర్డరు వచ్చింది అనుకుందాం. ఎండీ04లో ఫోర్‌కాస్ట్ 40, ఆర్డరు 60 కనిపిస్తాయి. ఆ 60ని రిజెక్ట్ చేయగానే అది తినేసిన ఫోర్‌కాస్ట్ వెనక్కి వచ్చి మళ్లీ 100 అవుతుంది. ఉత్పత్తి ఒక్క పంపు కూడా తగ్గదు! రిజెక్షన్ పని చేయలేదని కంప్లైంట్ వచ్చేది ఇక్కడే. నిజంగా గిరాకీ తగ్గిందనుకుంటే ఎండీ62లో ఫోర్‌కాస్ట్ కూడా తగ్గించాలి. స్ట్రాటజీ 10లో ఈ బెడద లేదు, అక్కడ ప్లానింగ్ నడిపేది ఫోర్‌కాస్టే, సేల్స్ ఆర్డరు కాదు.

రిజెక్ట్ చేసినంత మాత్రాన పుట్టిన ప్లాన్డ్ ఆర్డర్లు మాయం కావు. ఎండీ02లో నెట్‌చ్ (మార్పు ఉన్నవాటినే ప్లాన్ చేసే) ప్రాసెసింగ్ కీతో ఆ మెటీరియల్‌కి మళ్లీ రన్ చేయండి. ఎస్‌ఏపీ కొత్త తరం ఎస్/4హానాలో అయితే ఎండీ01ఎన్ కూడా ఉంది. ఫర్మ్ చేసిన (రన్ మార్చకుండా స్థిరపరిచిన) ప్లాన్డ్ ఆర్డర్లను, ప్రొడక్షన్ ఆర్డర్లను రన్ ముట్టుకోదు. అవి అక్కర్లేదని చెప్పడానికి 20 ఎక్సెప్షన్ మెసేజీ మాత్రం ఇస్తుంది. ప్లాన్డ్ ఆర్డర్ని చేత్తో తొలగించాలి. ప్రొడక్షన్ ఆర్డరు మొదలై సగంలో ఆగిపోతే సీఓ02లో టెకో (టెక్నికల్‌గా ముగిసిందని గుర్తు) చేయండి, మిగిలిన కాంపోనెంట్ రిజర్వేషన్లు విడిపోతాయి.

మేక్ టు ఆర్డర్ (ఆర్డరు వచ్చాకే తయారుచేసే) సరుకైతే మరో చిక్కు. తయారైన పంపులు ఆ సేల్స్ ఆర్డరు పేరుమీదే ‘ఇ’ స్పెషల్ స్టాకుగా ఉంటాయి. ఐటమ్ రిజెక్ట్ చేసినా అవి ఆ ఆర్డరుకే కట్టుబడి ఉండి, ఇంకో కస్టమర్‌కి వాడుకోవడానికి అందవు. మిగోలో (సరుకు కదలికల స్క్రీన్) 411 ఇ మూవ్‌మెంట్‌తో సొంత స్టాకులోకి మార్చుకోండి.

ఇంత చేశాక కూడా అసలు లేని ఆర్డరు వరుస ఎండీ04లో కనిపిస్తుంటే, అది రిక్వైర్‌మెంట్ల టేబుల్‌లో మిగిలిపోయిన చెత్త. ఎస్‌డీఆర్‌క్యూసీఆర్21 రిపోర్టు దాన్ని సరిచేస్తుంది. డేటా ట్రాన్స్‌ఫర్ టిక్కు తీసేసి ఒకసారి చూసుకోండి, తేడాలు అర్థమయ్యాక టిక్కు పెట్టి నడపండి. ఆర్డర్లు ఎంటర్ అవుతున్న పగటిపూట మాత్రం వద్దు, రాత్రి వేళ పెట్టుకోండి.