టెర్మినల్‌లో అక్షరాలకు రంగులు వేయడం ఎలా? శ్రీశైలం నీటిమట్టం లెక్కతో పైథాన్ పాఠం

జూలై, ఆగస్టు నెలల్లో కర్నూలు నుంచి కడప దాకా అందరి నోటా ఒకటే ప్రశ్న: డ్యాం ఎంతకొచ్చింది? శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. 854 అంటే ఏమిటో సీమవాళ్లకు చెప్పక్కర్లేదు. అంతకంటే దిగితే పోతిరెడ్డిపాడుకు నీళ్లందడం కష్టం. ఈ అంకెలను చూపించే చిన్న పైథాన్ ప్రోగ్రాం మీ దగ్గర ఉందనుకుందాం. అది ముప్పై వరుసలు ప్రింట్ చేస్తుంది, ముప్పై వరుసలూ ఒకే తెలుపు. ఏ రోజు 854 కిందికి పడిందో వేలు పెట్టి వెతుక్కోవాలి. ఆ వరుస ఒక్కటీ ఎర్రగా ఉంటే వెతుకులాట ఉండదు.

పని చిన్నదే. కానీ రంగు వేసిన కాసేపటికే గళ్లు పక్కకు జరుగుతాయి, ఫైలులో పిచ్చి గుర్తులు వస్తాయి, ప్రోగ్రాం ఆగిపోయినా తెర ఎర్రగానే ఉండిపోతుంది. వీటన్నిటికీ మూలం ఒక్కటే: టెర్మినల్‌లో రంగు అక్షరానికి ఉండే గుణం కాదు, అక్షరాల మధ్య దూర్చిన ఆజ్ఞ. ఆజ్ఞ కూడా అక్షరాలే. ఇది గుర్తుంటే సగం తప్పులు జరగవు.

కావలసినవి: పైథాన్ 3, ఒక టెర్మినల్ (కమాండ్లు కొట్టే తెర), ఫైళ్లను యూటీఎఫ్-8లో (తెలుగు కూడా పట్టే అక్షర పద్ధతిలో) దాచుకునే ఎడిటర్. కింద కోడ్‌లో డెఫ్, ఇఫ్, నాట్, రిటర్న్, ప్రింట్, ఆర్‌జస్ట్ అని తెలుగులో ఉన్నచోట కీబోర్డు మీద ఇంగ్లీషు మాటే కొట్టాలి. అంకె పక్కన ‘ఎం’ అని ఉన్నచోట ఇంగ్లీషు చిన్న ఎం. మిగతా తెలుగు పేర్లు మాత్రం తెలుగులోనే కొట్టవచ్చు. పైథాన్ 3 వేరియబుల్ పేర్లను తెలుగులో ఒప్పుకుంటుంది. ఒక్క చిక్కుంది. కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనిపించని విడదీత అక్షరాన్ని పెడతాయి. అది పేరు మధ్యలో పడితే పైథాన్ తప్పు చూపిస్తుంది, తెర మీద మాత్రం తప్పేమీ కనబడదు. అందుకే పొల్లు రాని పేర్లు పెట్టుకోండి: ఎరుపు, పసుపు, ఆపు, నిండు.

1. ఆజ్ఞ ఎలా ఉంటుందో చూడండి

ప్రతి రంగు ఆజ్ఞా ఎస్కేప్ అక్షరంతో మొదలవుతుంది. దాని సంఖ్య 27, పైథాన్ మాటలో \033 అని రాస్తాం. తర్వాత ఎడమ చదరపు బ్రాకెట్, తర్వాత అంకె, చివర ఎం. ఎం రాగానే ఆజ్ఞ ముగిసిందని టెర్మినల్ గ్రహిస్తుంది. ఈ పద్ధతికి అమెరికాలో 1979లో ప్రమాణం ఏర్పడింది. అంతకు ముందు ఏడాది వచ్చిన డెక్ కంపెనీ వీటీ100 టెర్మినల్ ఈ తరహా ఆజ్ఞలనే వాడింది. దానికి రంగుల్లేవు; బొద్దు, అడుగుగీత, మినుకు, తిరగేత మాత్రమే ఉండేవి.

అక్షరం రంగుకు 30 నుంచి 37: నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం, మెజెంటా, సయాన్, తెలుపు, ఇదే వరుసలో. నేపథ్యానికి 40 నుంచి 47, అదే వరుస. మెరుపు రంగులకు 90 నుంచి 97. బొద్దుకు 1, అడుగుగీతకు 4, రంగులు తిరగేయడానికి 7. అన్నీ తుడిచేయడానికి 0. రెండు కలపాలంటే మధ్యలో సెమీకోలన్: 1;31 అంటే బొద్దు ఎరుపు.

ఆపు = "\033[0ఎం"
ఎరుపు = "\033[31ఎం"
ఆకుపచ్చ = "\033[32ఎం"
పసుపు = "\033[33ఎం"

2. రంగు వేసే పని ఒక్కచోటే పెట్టండి

ప్రతి ప్రింట్‌లోనూ ఈ కోడ్‌లను అతికిస్తూ పోతే ఎక్కడో ఒకచోట ‘ఆపు’ మరిచిపోతారు. అక్కడి నుంచి ప్రోగ్రాం అచ్చు వేసేదంతా ఎరుపే. ప్రోగ్రాం ముగిశాక మీరు కొట్టే కమాండ్లు కూడా ఎర్రగా రావచ్చు. కాబట్టి వేసిన చోటే ఆపే ఒక చిన్న ఫంక్షన్ రాయండి:

డెఫ్ రంగువేయి(మాట, రంగు):
    రిటర్న్ రంగు + మాట + ఆపు

ఏ రంగో తేల్చే పని వేరే ఫంక్షన్‌ది:

డెఫ్ మట్టంరంగు(అడుగులు, కనిష్ఠం, నిండు):
    ఇఫ్ అడుగులు < కనిష్ఠం: రిటర్న్ ఎరుపు
    ఇఫ్ అడుగులు < నిండు - 10: రిటర్న్ పసుపు
    రిటర్న్ ఆకుపచ్చ

శ్రీశైలానికి కనిష్ఠం 854, నిండు 885 ఇస్తే 854 నుంచి 875 లోపు పసుపు, 875 నుంచి ఆకుపచ్చ. ఆ పది అడుగుల తేడా ఈ ఉదాహరణ కోసం పెట్టుకున్నదే, మీ అవసరాన్ని బట్టి మార్చుకోండి. 854ను ఫంక్షన్ లోపలే రాసేయాలనిపిస్తుంది, రాయకండి. తుంగభద్ర నిండు మట్టం 1633 అడుగులు. ఆ డ్యాం అడుగంటినా 854 కంటే ఎక్కువే చూపిస్తుంది కాబట్టి మీ ప్రోగ్రాం దాన్ని ఎప్పుడూ ఎర్రగా అచ్చు వేయదు. తప్పుడు రంగు కంటే రంగు లేకపోవడమే నయం.

ప్రోగ్రాం నడుస్తుండగా కంట్రోల్-సీ కొట్టి ఆపితే, ఆ క్షణానికి ‘ఆపు’ తెరకు చేరకపోతే రంగు అంటుకునే ఉంటుంది. లినక్స్‌లో, మ్యాక్‌లో రీసెట్ అనే కమాండ్ కొట్టండి. కొట్టేది సరిగ్గా కనిపించకపోయినా కొట్టి ఎంటర్ నొక్కితే తెర మామూలవుతుంది. నేపథ్య రంగు వాడితే ‘ఆపు’ తప్పనిసరిగా వరుస మారక ముందే రావాలి. వరుస మారాక వస్తే కొన్ని టెర్మినళ్లలో కింది వరుస చివరి దాకా రంగు పారుతుంది.

3. గళ్లు చెదరకుండా చూడండి

ఎక్కువ మంది తలపట్టుకునేది ఇక్కడే. 852.4 అనే మాటలో 5 అక్షరాలున్నాయి. ఎరుపు ఆజ్ఞ 5 అక్షరాలు, ఆపు ఆజ్ఞ 4. రంగు వేశాక పైథాన్ లెక్కలో ఆ మాట పొడవు 14. దాన్ని 8 అక్షరాల గడిలో కుడి వైపుకు జరపమని ఆర్‌జస్ట్‌కు ఇస్తే, ‘ఇప్పటికే 14 ఉన్నాయి, ఖాళీలెందుకు’ అని వదిలేస్తుంది. తెర మీద మాత్రం 5 అక్షరాలే కనబడతాయి. రంగు వేసిన వరుసలు మూడు గళ్లు ఎడమకు జరిగి, రంగు లేని వరుసలు సరిగ్గా ఉంటే కారణం ఇదే.

మందు తేలిక. ముందు గడి నింపండి, తర్వాత రంగు వేయండి:

గడి = "852.4".ఆర్‌జస్ట్(8)
ప్రింట్(రంగువేయి(గడి, మట్టంరంగు(852.4, 854, 885)), "శ్రీశైలం")

అడుగుగీత కూడా వేస్తే గీత ఖాళీల కింద సైతం పడుతుంది. అది వద్దనుకుంటే ఖాళీలను విడిగా ముందు అచ్చు వేసి, అంకెకు మాత్రమే గీత వేయండి.

పై వరుసలో పేరు చివర ఉండడం గమనించారా? కావాలనే పెట్టాం. ‘శ్రీశైలం’లో మన కంటికి మూడు అక్షరాలు, పైథాన్ పొడవు లెక్కలో 8. ఒత్తులు, గుణింతాలు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. టెర్మినల్ దానికి ఎన్ని గళ్లిస్తుందన్నది ఆ టెర్మినల్‌ను, ఫాంట్‌ను బట్టి మారుతుంది. కొన్నింటిలో ఒత్తు కిందికి దిగక పక్కనే కూర్చుంటుంది. తెలుగు పేరును మొదటి గడిలో పెట్టి దాని పక్కన అంకెలను నిలబెట్టడం నీళ్ల మీద గీత గీయడమే. అంకెలు ఎడమన, పేరు చివర పెడితే పేరు ఎంత పొడవైనా ఎవరినీ తొయ్యదు.

4. తెరకు మాత్రమే రంగు, ఫైలుకు వద్దు

ప్రోగ్రాం అవుట్‌పుట్‌ను ఫైలుకు మళ్లిస్తే రంగు ఆజ్ఞలు కూడా ఫైలులోకి వెళ్తాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అంకెకు ముందు వెనక బ్రాకెట్లు, ఎం అక్షరాలు. సీఎస్‌వీగా ఎక్సెల్‌లో తెరిస్తే ఇంకా మోసం: 852.4 అక్కడ సంఖ్య కాదు, మాట. సమ్ ఫార్ములా ఆ గళ్లను లెక్కలోకే తీసుకోదు.

అందుకే ప్రోగ్రాం మొదట్లోనే ఒకసారి అడిగి పెట్టుకోండి. సిస్ మాడ్యూల్‌లోని స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు ‘ఈజ్ ఏ టీటీవై’ అనే ఫంక్షన్ ఉంది, మాటల మధ్య ఖాళీ లేకుండా అన్నీ చిన్న అక్షరాలు. ఎదురుగా తెర ఉంటే అది ట్రూ ఇస్తుంది, ఫైలో పైపో (మరో ప్రోగ్రాంకు కలిపే దారి) ఉంటే ఫాల్స్. ఆ జవాబును రంగుందా అనే వేరియబుల్‌లో దాచి, రంగువేయి మొదటి వరుసలో దాన్ని చూడండి:

    ఇఫ్ నాట్ రంగుందా: రిటర్న్ మాట

రంగు వేసే పని ఒక్కచోటే పెట్టమన్నది ఇందుకే. ఈ ఒక్క వరుసతో ప్రోగ్రాం మొత్తం దారికొస్తుంది.

నో కలర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను (ప్రోగ్రాంకు బయట, సిస్టంలో పెట్టే విలువ) కూడా గౌరవించండి. అన్నీ పెద్ద అక్షరాలు, మధ్యలో అండర్‌స్కోర్. అందులో ఏదైనా విలువ ఉంటే, ఆ మనిషికి రంగులు వద్దని అర్థం. 2017 నుంచి చాలా ప్రోగ్రాంలు ఈ మర్యాద పాటిస్తున్నాయి. తిరగేసిన అవసరమూ ఉంటుంది: ముప్పై రోజుల జాబితాను, పేజీలవారీగా చూపే కమాండ్ అయిన లెస్‌లోకి పంపి రంగులతో చదవాలనుకుంటే పైప్ కాబట్టి రంగు పోతుంది. దానికి ‘రంగు తప్పనిసరి’ అనే ఆప్షన్ ఒకటి మీ ప్రోగ్రాంకు పెట్టి, లెస్‌ను హైఫన్ పెద్ద ఆర్‌తో పిలవండి.

5. విండోస్‌లో

కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా ఉండేది విండోసే. విండోస్ టెర్మినల్ అనే కొత్త యాప్‌లో పై కోడ్ ఉన్నదున్నట్టు పని చేస్తుంది. పాత నల్ల కమాండ్ ప్రాంప్ట్‌లో మాత్రం రంగు బదులు ఎడమ బాణం గుర్తు, దాని వెనక [31 కనబడవచ్చు. ఆజ్ఞలను అర్థం చేసుకునే సౌకర్యం విండోస్ 10లోనే ఉంది గానీ, దాన్ని ఎవరో ఒకరు ఆన్ చేయాలి.

ఆ పని కలరమా లైబ్రరీ చేస్తుంది. పిప్‌తో ఇన్‌స్టాల్ చేసి, ప్రోగ్రాం మొదట్లో ‘జస్ట్ ఫిక్స్ విండోస్ కన్సోల్’ ఫంక్షన్‌ను ఒక్కసారి పిలవండి, మాటల మధ్య అండర్‌స్కోర్లతో. ఇది 0.4.6 వెర్షన్‌లో వచ్చింది, లినక్స్‌లో ఏమీ చేయకుండా ఊరుకుంటుంది. కలరమాలో ఫోర్, బ్యాక్, స్టైల్ అని రంగుల పేర్లు సిద్ధంగా ఉంటాయి కాబట్టి 31, 32 గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పాత పాఠాల్లో ‘ఇనిట్’ను ఆటోరీసెట్‌తో పిలవడం చూస్తారు. అది ప్రతి ప్రింట్ తర్వాత రంగును తుడుస్తుంది, ఒకే ప్రింట్ మధ్యలో కాదు.

విండోస్‌లోనే ఇంకో దెబ్బ ఉంది. తెర మీద బాగా వచ్చిన ‘శ్రీశైలం’ ఫైలుకు మళ్లించగానే యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్‌తో ప్రోగ్రాం కూలుతుంది. రంగు మీద అనుమానపడకండి. ఫైలుకు రాసేటప్పుడు పైథాన్ విండోస్ పాత కోడ్‌పేజీని (అక్షరాల పట్టికను) వాడుతోంది, అందులో తెలుగు లేదు. పైథాన్ యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 ఇవ్వండి, పేరు మొత్తం పెద్ద అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. 3.7 నుంచి ఇది పని చేస్తుంది.

6. రంగులో రంగు కావాలంటే రిచ్

ఎర్రటి హెచ్చరిక వాక్యం మధ్యలో 854 ఒక్కటే పసుపులో రావాలనుకోండి. పై పద్ధతిలో 854 తర్వాత ‘ఆపు’ రాగానే మిగతా వాక్యం ఎరుపులోకి తిరిగి వెళ్లదు, మామూలు రంగులోకి పడిపోతుంది. ఇంతకు ముందు ఏ రంగుండేదో టెర్మినల్ గుర్తుపెట్టుకోదు. చేత్తో రాస్తే మళ్లీ ఎరుపు ఆజ్ఞ ఇవ్వాలి. ఇలాంటివి రెండో మూడో ఉంటే సరే, ఎక్కువైతే రిచ్ లైబ్రరీకి మారడం మేలు. అందులో రంగు పేరును చదరపు బ్రాకెట్లలో మాట ముందు రాస్తాం, ముందు గీతతో అదే పేరు మాట చివర రాస్తాం. లోపలి రంగు ముగిశాక బయటి రంగును అదే తెచ్చిపెడుతుంది, ఫైలుకు వెళ్తే ఆజ్ఞలను అదే మానేస్తుంది, పట్టిక గీతలు కూడా గీస్తుంది.

జాగ్రత్త ఒకటే. మీ డేటాలోనే చదరపు బ్రాకెట్లుండి, లోపల ఇంగ్లీషు చిన్న అక్షరంతో మొదలయ్యే మాట ఉంటే రిచ్ దాన్ని రంగు పేరనుకుని మింగేస్తుంది. తెలుగు మాటైతే ముట్టుకోదు. బయటి నుంచి వచ్చే మాటలను రిచ్ మార్కప్ భాగంలోని ‘ఎస్కేప్’ ఫంక్షన్ గుండా పంపితే భద్రం.

7. ఏ రంగు ఎక్కడ

తెల్ల పంచె మీద పసుపు మరక దూరానికే కనిపిస్తుంది గానీ, తెల్ల తెర మీద 33 పసుపు అక్షరం కనబడదు. నల్ల తెర మీద 34 నీలం అంతే. 31 అంటే ఏ ఛాయ ఎరుపో తేల్చేది మీ ప్రోగ్రాం కాదు, చదివేవాళ్ల టెర్మినల్ థీమ్. మామూలు వరుసలకు 37 తెలుపు వేయకండి, రంగే వేయకుండా వదిలేయండి. నల్ల తెరా తెల్ల తెరా అన్న బెంగ ఉండదు. ఖచ్చితమైన ఛాయే కావాలంటే 38;5; తర్వాత 16 నుంచి 255లో ఒక సంఖ్య ఇవ్వవచ్చు. 232 నుంచి 255 వరకు బూడిద ఛాయలు, పాత తేదీల వరుసలను వెనక్కి నెట్టడానికి అవి బాగుంటాయి.

ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని చూపున్నవాళ్లు ఉంటారు. ల్యాబ్ రికార్డులో నలుపు తెలుపు ప్రింటవుట్ అతికించేవాళ్లూ ఉంటారు. కనిష్ఠం కంటే దిగిన వరుసకు ఎరుపుతో పాటు పేరు ముందు ఒక ఆశ్చర్యార్థకమో, ‘తక్కువ’ అన్న మాటో పెట్టండి.

పరీక్షకు నాలుగు విలువలు చాలు: 853.9, 854, 874.9, 875. ఎరుపు, పసుపు, పసుపు, ఆకుపచ్చ రావాలి. తర్వాత అదే ప్రోగ్రాంను ఫైలుకు మళ్లించి, ఆ ఫైలులో ఎడమ చదరపు బ్రాకెట్ కోసం వెతకండి. ఒక్కటి దొరికినా, రంగువేయిని దాటుకుని ఎక్కడో నేరుగా ఎరుపును అతికించినట్టే.