ఫ్లెక్సీకి, ఆల్బమ్‌కు, దరఖాస్తుకు ఫొటో కొలతలు మార్చే పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు మన ఇళ్లలో శుభకార్యం జరిగితే, అక్కడ తీసిన ఒకే ఫొటో ఆల్బమ్‌లోకి, వీధి చివర కట్టే ఫ్లెక్సీ మీదికి, శ్రీకాకుళంలోని బంధువుల వాట్సాప్‌లోకి వెళుతుంది. అన్నిటికీ ఒకే ఫైలును వాడితే ఒకచోట ముఖాలు మసకబారుతాయి, మరోచోట ఫైలు అప్‌లోడే కాదు. కెమెరా ఇచ్చిన అసలు ఫైలును ముట్టుకోకుండా దాచిపెట్టి, ప్రతి అవసరానికీ దానినుంచే వేరుగా నకలు తయారుచేసుకోవాలి. ఫోన్లు, కెమెరాలు మామూలుగా ఇచ్చే జేపెగ్ రకం ఫైలును మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. ఒకసారి చిన్నది చేసినదాన్ని తిరిగి పెద్దది చేసినా పోయిన వివరం రాదు.

ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్లు (ఫొటోను కూర్చే చిన్న చుక్కలు) ఉంటే చాలు. 4×6 అంగుళాల ఫొటోకు 1200×1800, 35×45 మిల్లీమీటర్ల పాస్‌పోర్టు తరహా ఫొటోకు సుమారు 413×531 పిక్సెళ్లు కావాలి. అయితే 12 మెగాపిక్సెల్ ఫోన్లు సాధారణంగా ఇచ్చే 4000×3000 ఫొటో, 4×6 కాగితం ఒకే నిష్పత్తిలో ఉండవు. అడ్డంగా తీసిన ఫొటోను ఆ కాగితానికి సరిపెట్టాలంటే ఎత్తులో సుమారు 333 పిక్సెళ్లు కత్తిరించక తప్పదు. ఆ పని స్టూడియోవారి యంత్రానికి వదిలేస్తే వెనుక వరుసలో నిలబడిన పొడుగువారి తలలే ముందు పోతాయి. అందుచేత ముందు మీరే క్రాప్ చేసి, తరువాతే కొలత మార్చండి.

కంప్యూటర్‌లో ఫొటోలు మార్చడానికి ఉచితంగా దొరికే గింప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇమేజ్ మెనూలోని స్కేల్ ఇమేజ్‌ను తెరిచి, వెడల్పు, ఎత్తు గడుల పక్కనున్న గొలుసు గుర్తు తెగి లేదని చూసుకుని వెడల్పు ఒక్కటే మార్చితే ఎత్తు తానే సరిపడుతుంది. గొలుసు తెగి ఉంటే పెళ్లికొడుకు బక్కచిక్కిపోతాడు.

ఫ్లెక్సీ విషయంలో చాలామంది అనవసరంగా భయపడతారు. దానిని దూరంనుంచి చూస్తారు కాబట్టి 300 అక్కరలేదు. 8×4 అడుగుల ఫ్లెక్సీకి 4000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోను వాడితే అంగుళానికి సుమారు 42 పిక్సెళ్లే వస్తాయి, రోడ్డు అవతలినుంచి చూసేవారికి అది సరిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటోను మాత్రం ఫ్లెక్సీకి ఇవ్వవద్దు. ఆ యాప్ పిక్సెళ్లను తగ్గించే పంపుతుంది. అసలు ఫైలును డాక్యుమెంటుగా పంపించుకోవాలి.

ఆన్‌లైన్ దరఖాస్తుల్లో పిక్సెల్, కేబీ (ఫైలు బరువు) అనే రెండు హద్దులుంటాయి. ఐబీపీఎస్ అనే సంస్థ జరిపే బ్యాంకు ఉద్యోగాల పరీక్షలకు ఫొటో 200×230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ. సంతకం 140×60 పిక్సెళ్లు, 10 నుంచి 20 కేబీ. ముందు పిక్సెళ్లను సరిచేసి, గింప్‌లో జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు క్వాలిటీని తగ్గిస్తూ కేబీని హద్దులోకి తేవాలి. అక్కడే ప్రివ్యూ పెట్టెలో టిక్ పెడితే ఫైలు ఎంత బరువుందో కనిపిస్తుంది. పిక్సెళ్లను ముట్టుకోకుండా క్వాలిటీని మాత్రమే దించితే ముఖం గళ్లుగళ్లుగా మారుతుంది. పెళ్లి ఫొటోలోంచి ముఖం కత్తిరించి దరఖాస్తుకు పెట్టడం కంటే తెల్ల గోడ ముందు కొత్తగా ఒకటి తీసుకోవడం మేలు.

మన ప్రాంతపు ఆహ్వానాల్లో తెలుగు, ఒడియా రెండూ ఉంటాయి కనుక, ఫోన్‌కోసం వాటిని చిన్నవి చేసేటప్పుడు ఇంకాస్త జాగ్రత్త కావాలి. తెలుగులో ముందుగా చెదిరేవి ఒత్తులు. ఒడియాలో చాలా అక్షరాలకు పైనున్న గుండ్రని కప్పు ఒకే తీరుగా ఉండి, తేడా అంతా కిందనున్న చిన్న గీతల్లోనే ఉంటుంది. ఆ గీతలు కలిసిపోతే పేరు మరో పేరుగా చదువుకోవలసి వస్తుంది. ఇటువంటివాటిని, సేవ్ చేసినప్పుడు వివరం పోని పీఎన్‌జీ రకం ఫైలుగా సేవ్ చేసి, తెర మీద 100 శాతం వద్ద పెట్టి చదివి చూడండి. ఒత్తులు తెలియకపోతే బొమ్మను ఇంకా పెంచడం కాదు, ఆహ్వానాన్ని తయారుచేసిన అసలు ఫైలులోనే అక్షరాలను పెద్దవిచేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాలి.