నావత్ల్ నేర్చుకుందాం – 4వ పాఠం: ఎవరి ఇల్లు?

పోయిన పాఠంలో మెక్సికో ఆదివాసీ భాష నావత్ల్ నామవాచకాల చివరి తోకలు చూశాం: అచ్చు తర్వాత త్ల్, హల్లు తర్వాత త్లి, ల్ తర్వాత లి. ఆత్ల్ (నీళ్లు), నాన్‌త్లి (అమ్మ), కల్లి (ఇల్లు). ఈసారి ఆ తోకల్ని కోసేద్దాం.

ఏదైనా ఎవరిదో చెప్పాలంటే పదం ముందు ఓ చిన్న ముక్క అతుక్కుంటుంది, వెనక తోక ఊడిపోతుంది. నొకల్ అంటే నా ఇల్లు. మొకల్ నీ ఇల్లు, ఈకల్ అతనిది లేదా ఆమెది, తొకల్ మనది, అమొకల్ మీది, ఈన్‌కల్ వాళ్లది. నొ, మొ, తొ, అమొల్లో ఒత్వం హ్రస్వమే, సాగదీయకండి. నావత్ల్‌ను రాసే స్పానిష్ అక్షరాల్లో ఈ హ్రస్వదీర్ఘాల తేడా కనబడదు. అందుకే 1645లో వ్యాకరణం రాసిన ఒరాసియో కరోచి అచ్చుల మీద ప్రత్యేకంగా గుర్తులు పెట్టాల్సివచ్చింది. మన లిపికి ఆ బాధ లేదు.

తెలుగువాళ్లు తడబడే చోట్లు రెండున్నాయి.

మొదటిది 'మా'. మనం ఒక్కరమే మాట్లాడుతున్నా 'మా అమ్మ' అంటాం. ఇక్కడ 'నా' అనే అనాలి: నొనాన్. (వినడానికి నాన్నలా ఉన్నా అమ్మే!) తొనాన్ అంటే మనందరి అమ్మ. మెక్సికో నగరంలోని తెపెయాక్ కొండ దగ్గర పూజలందుకున్న దేవతను తొనాన్‌త్సిన్ అనేవారని 16వ శతాబ్దంలో స్పానిష్ మతప్రచారకుడు సహాగున్ రాశాడు. మనకు మన, మా వేరు. నావత్ల్‌లో రెండింటికీ తొ ఒక్కటే.

రెండోది 'మీ'. అమొ పలువురికే. ఎదుట పెద్దాయన ఒక్కరే ఉంటే మొ వాడి, గౌరవానికి చివర త్సిన్ చేర్చాలి. దాని సంగతి వచ్చే పాఠంలో.

త్ల్ తోక పదాల్లో చాలావాటికి తోక పోయాక వ్ వస్తుంది. పదం అచ్చుతో మొదలైతే చాలాసార్లు నొలోని ఒత్వం కూడా జారిపోతుంది. అలా ఆత్ల్ కాస్తా నావ్ (నా నీళ్లు) అవుతుంది. సివాత్ల్ (ఆడమనిషి) నొసివావ్ అయితే అర్థం 'నా భార్య'.

ఇంకొక్క మాట. నొకల్ అంటే కట్టడం. మనం ఉండే చోటు, 'మా ఇంటికి రండి' అన్నప్పటి ఇల్లు, నొచాన్. వాడుకలో మీకు ఎక్కువ పనికొచ్చేది ఇదే.

అభ్యాసం: మీల్లి (పొలం), త్లష్‌కల్లి (మొక్కజొన్న రొట్టె). 'నీ పొలం', 'వాళ్ల రొట్టె', 'నీ నీళ్లు' రాయండి. మూడోదాంట్లో మొ ఏమవుతుందో చూసుకోండి.