గర్భసంచి ఆపరేషన్ తర్వాత మూత్రంలో మంట: క్రాన్‌బెర్రీ గుళిక ఎంతవరకు, జాగ్రత్త ఎంతవరకు

గర్భసంచి తీసినా, జారిన సంచిని పైకి కుట్టినా మూత్రానికి పైపు వేస్తారు. ఇన్‌ఫెక్షన్ చాలావరకు ఆ పైపు వెంటే లోపలికి పాకుతుంది. అందుకే మర్నాటి నుంచి డాక్టరమ్మ వచ్చినప్పుడల్లా అడగండి: పైపు ఇవాళ తీసేయొచ్చా?

పైపుతోనే ఇంటికి పంపితే అసలు తప్పు దారిలో జరుగుతుంది. విశాఖ నుంచి రాయగడ రైల్లోనో, బరంపురం నుంచి పర్లాకిమిడి బస్సులోనో మూత్రం సంచీని కిటికీ పక్క కొక్కేనికి తగిలిస్తారు. సంచీ పొత్తికడుపు కన్నా పైకి వెళ్తే అందులోని మూత్రం వెనక్కి దిగుతుంది. ఎక్కేముందే ఖాళీ చేసి, సీటు కింది కడ్డీకి కట్టండి, నేలకు తగలనివ్వకండి. పైపు తీసేశాక ఆరు గంటల్లో మూత్రం రాకపోయినా, చుక్కలుగానే వస్తున్నా వెంటనే చెప్పాలి. దారిలో బాత్రూం ఉండదని నీళ్లు మానేయొద్దు. ‘నీళ్లు తాగితే కుట్లు చీము పడతాయి’ అనే మాటను పెద్దవాళ్లకే వదిలేయండి. గుండె, కిడ్నీ జబ్బులు లేకపోతే రోజుకు రెండు లీటర్లు తాగొచ్చు.

ఇక గుళికలు. క్రాన్‌బెర్రీ అనే విదేశీ ఎర్రపండులో ఉండే ప్రోయాంథోసయనిడిన్లు అనే పదార్థాలు ఈ-కోలై క్రిములను మూత్రాశయం గోడకు అతుక్కోనివ్వవు. 2015లో అమెరికాలోని మిషిగన్ పరిశోధకులు ఇలాంటి ఆపరేషన్లయిన 160 మందిపై ప్రచురించిన అధ్యయనంలో, పూటకు రెండు చొప్పున రెండు పూటలా ఆరు వారాలు వేసుకున్నవాళ్లలో ఇన్‌ఫెక్షన్ 19 శాతం, ఉత్తుత్తి గుళికలవాళ్లలో 38 శాతం. తర్వాత నెదర్లాండ్స్‌లో జరిగిన అధ్యయనంలో అంత తేడా తేలలేదు. కాబట్టి ఇది తోడు మాత్రమే.

డబ్బా మీద ‘500 మి.గ్రా.’ అంకె చూసి కొనకండి, అది ఎక్స్‌ట్రాక్ట్ బరువు. ప్రోయాంథోసయనిడిన్లు రోజుకు 36 మి.గ్రా. అందుతాయా అన్నదే చూడాలి. సంతలో దొరికే ఎర్రటి వాక్కాయ క్రాన్‌బెర్రీ కాదు, పచ్చడికి మాత్రం దివ్యంగా ఉంటుంది. క్రాన్‌బెర్రీ తీపి రసాలు, పొడి ప్యాకెట్లు షుగరు ఉన్నవాళ్లకు వద్దు. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్లు, కిడ్నీ రాళ్లున్నవాళ్లు డాక్టరును అడగందే ముట్టొద్దు.

మంట మొదలయ్యాక గుళిక పనికిరాదు. ‘వేడి చేసిందిలే’ అని బార్లీతో రోజులు గడపొద్దు. 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, చలి, నడుం పక్క నొప్పి ఉంటే అదే రోజు ఆసుపత్రికి. ఒడిశాలోని ఆసుపత్రిలో ఒడియా నర్సుకు ‘పరిస్రా జళాపోడా’ (మూత్రంలో మంట) అంటే చాలు. యాంటీబయాటిక్ మొదటి మాత్ర మింగకముందే మూత్రం కల్చర్‌కు (ఏ క్రిమో తేల్చే పరీక్షకు) ఇవ్వండి. మింగాక ఇస్తే క్రిమి దొరక్కపోవచ్చు.