వీధిలో కెమెరా – 4వ పాఠం: గోడ ఆగుతుంది, మనిషి ఆగడు

పోయిన పాఠంలో చెప్పిన పని, అంటే గోడమీది బొమ్మను ఫోటో తీయడం, చేసినవాళ్లకు ఒక సంగతి ఈపాటికి తెలిసే ఉంటుంది. గోడమీది బొమ్మను మనం ఎంత బాగా తీసినా అది వేసినవాడి బొమ్మే. రంగులు అతనివి, కూర్పు అతనిది. మనం చేసింది నకలు తీయడం. నకలు వద్దని అనను. ఎండకూ వానకూ వెలిసిపోయే గోడలకు అదే ఆధారం. అయితే ఈసారి పని వేరు. ఆ బొమ్మ ముందు నుంచి ఒక మనిషి తన పనిమీద తాను పోతుంటే, ఇద్దరినీ ఒక్క ఫ్రేములో పట్టాలి.

నాకు ఈ విద్య అబ్బిన ఊరు మలేసియాలోని జార్జ్‌టౌన్. పినాంగ్ దీవి మీది పాత రేవు పట్టణం. 2008లో మెలాకాతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 2012లో అక్కడి ఉత్సవం కోసం లిథువేనియా చిత్రకారుడు ఎర్నెస్ట్ జకరేవిచ్ పెచ్చులూడిన గోడల మీద పిల్లల బొమ్మలు వేశాడు. ఆర్మేనియన్ వీధిలో ఒక అక్క సైకిలు తొక్కుతుంటుంది, వెనక తమ్ముడు ఆమెను కరచుకుని కూర్చుంటాడు. పిల్లలు రంగుతో వేసినవాళ్లు, సైకిలు మాత్రం నిజమైనది, గోడకు ఆనించి బిగించిన పాత ఇనుము. "ఆ కువీ" అనే పేరున్న వీధిలో పాత మోటారు సైకిలు మీద ఒక కుర్రాడు వెనక్కి తిరిగి చూస్తుంటాడు. అక్కడా బండి నిజమైనదే.

అందుకే పొద్దెక్కితే ఆ సైకిలు దగ్గర వరస కడతారు. తలా ఒకరు వచ్చి వెనక సీటు పట్టుకుని నవ్వడం, పక్కకు తప్పుకోవడం. పదింటి తర్వాత వెళితే మీకు దొరికేది ఆ వరసే. (వరసను కూడా తీయవచ్చు, అది మంచి ఫోటోయే. నేను తీసినవాటిలో నలుగురు మెచ్చుకున్నది అదొక్కటే కావడం నాకు కొంచెం కష్టంగానే ఉంది.)

పొద్దున్నే వెళ్లాలి. ఎంత పొద్దున? ఇక్కడ గడియారాన్ని నమ్మితే మోసపోతారు. మలేసియా గడియారం 120 డిగ్రీల రేఖాంశానిది, పినాంగ్ ఉన్నది 100 డిగ్రీల దగ్గర. సూర్యుడు ఒక డిగ్రీ దాటడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి 20 డిగ్రీలకు 80 నిమిషాల తేడా. ఏడు దాటితే గానీ పొద్దు పొడవదు, నడిమధ్యాహ్నం ఒంటిగంటా పావుకు వస్తుంది. నేను మొదటి రోజు మన అలవాటు ప్రకారం ఆరింటికే వెళ్లి, వీధి దీపాల కింద గంటసేపు దోమలకు ఆహారమయ్యాను.

ఇంకొకటి. ఆ ఊరు భూమధ్యరేఖకు 5 డిగ్రీల పైన ఉంది. ఏప్రిల్ తొలి రోజుల నుంచి సెప్టెంబరు తొలి వారం దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు, మిగతా నెలల్లో దక్షిణంగా. డిసెంబరు మధ్యాహ్నం ఎండ పడిన గోడ జూన్ మధ్యాహ్నం నీడలో ఉంటుంది. కాబట్టి వేరెవరో తీసిన ఫోటో చూసుకుని అదే వెలుగు ఆశించి వెళ్లకండి. ముందు రోజు సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి కెమెరా తీయకుండా గోడను చూసి రండి.

ఇక అసలు పని. ఎదురుగా నిలబడి ముందు గోడను ఫ్రేములో బిగించండి. నా దగ్గర ఉన్నది చిన్న సెన్సారు (వెలుగును పట్టే పలక) ఉన్న కెమెరా, 23 మిల్లీమీటర్ల లెన్స్. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సారు) కెమెరా మీద 35 మిల్లీమీటర్ల లెన్సుతో సమానం. మనిషి నడిచే చోటు నాకు 4 మీటర్ల దూరంలో ఉంటే, ఫ్రేములో పట్టే వెడల్పు కూడా సుమారు 4 మీటర్లే. మామూలుగా నడిచే మనిషి సెకనుకు 1.4 మీటర్లు పోతాడు. అంటే అతను ఈ అంచు నుంచి ఆ అంచుకు వెళ్లిపోవడానికి మూడు సెకన్లు పడుతుంది. ఒక్కో అడుగుకు అర సెకను. కాళ్లు విడివడి నేలమీద త్రికోణంలా కనిపించే క్షణాలు ఆరు దొరుకుతాయి. మిగతా సమయంలో రెండు కాళ్లూ కలిసిపోయి మనిషి పాతిన గుంజలా కనిపిస్తాడు.

ఆ ఆరింటిలో మనకు పనికొచ్చేది ఒకటే, మహా అయితే రెండు. ఎందుకో ఒక ఉదయం జరిగినది చెబుతాను. నిజమైన సైకిలు మీద ఎవరైనా వస్తే బొమ్మ సైకిలుకు జోడీ కుదురుతుందని ఆశపడి గోడకు ఎదురుగా ముప్పావు గంట నిలబడ్డాను. ఎవరూ రాలేదు. ఏడున్నర దాటాక ఒకాయన గ్యాస్ సిలిండరును భుజాన వేసుకుని వచ్చాడు. వంగిన మెడ, ఒక చెయ్యి నడుము మీద, హవాయి చెప్పులు, ఎడమ మడమ దగ్గర చెప్పు అరిగి వాలిపోయి ఉంది. గోడవైపు కన్నెత్తి చూడలేదు. నాకు కావలసింది అదే. వరసగా ఐదు తీశాను. కాళ్లు బ్రహ్మాండంగా విడివడిన ఫ్రేములో సిలిండరు సరిగ్గా తమ్ముడి ముఖం మీద పడింది. తమ్ముడు లేని అక్క ఎవరికి కావాలి? దాని ముందరి ఫ్రేములో తమ్ముడు ఉన్నాడు, ఆయన తల మాత్రం సైకిలు హ్యాండిల్లో ఇరుక్కుంది.

తప్పు ఆయనది కాదు, నాది. మనిషి తల ఎక్కడ పడాలో ముందే చూసి పెట్టుకోలేదు. ఇప్పుడు నేను చేసేది ఇది: ఫ్రేము బిగించాక బొమ్మ లేని ఖాళీ సున్నపు జాగా ఎక్కడుందో వెతుకుతాను. మనిషి తల అక్కడికి వచ్చినప్పుడే మీట నొక్కాలి. ఆ జాగా తల ఎత్తులో లేకపోతే మోకాళ్లు వంచి కిందికి దిగుతాను. కెమెరా దిగినకొద్దీ ముందున్న మనిషి తల గోడమీద పైకి జరుగుతుంది. ఒక జానెడు దిగితే చాలు, హ్యాండిల్లోంచి తల బయటపడుతుంది.

సెట్టింగులు ఒక్కసారి పెట్టి వదిలేయండి. షట్టర్ (వెలుగు లోపలికి రావడానికి తెరుచుకుని మూసుకునే తెర) సెకనులో 60వ వంతు తెరిస్తే ఆ తెరుచుకున్న కాస్త సమయంలోనే మనిషి 2 సెంటీమీటర్లకు పైగా జరుగుతాడు, కాళ్లు చేతులు ఇంకా ఎక్కువ. 500వ వంతు అయితే 3 మిల్లీమీటర్లే. కాబట్టి 500. అపెర్చర్, అంటే లెన్సు లోపలి రంధ్రం, ఎఫ్ 8. ఫోకస్ ఆటోలో వద్దు, చేత్తో 3.3 మీటర్ల మీద పెడితే, ఈ లెన్సుతో, ఒకటిన్నర మీటర్లకు కొంచెం పైనుంచి మొదలుకొని ఎంత దూరమైనా తేటగా వస్తుంది. మనిషీ స్పష్టం, గోడా స్పష్టం. వెలుగు తక్కువైతే ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే మోతాదు) పెంచండి, జంకవద్దు. ఫోటోలో గరుకు కనిపించినా ఓర్చుకోవచ్చు, అలికిన ముఖాన్ని ఓర్చుకోలేం.

కెమెరాలో వెలుగును కొలిచే మీటరు సంగతి మరచిపోకండి. అది ఏ గోడనైనా మధ్యరకం బూడిద రంగని అనుకుంటుంది. సున్నం కొట్టిన గోడ అయితే తెలుపును మాపి చూపిస్తుంది, ముందున్న మనిషి నల్లబడిపోతాడు. ఒక స్టాపు పెంచండి, అంటే వెలుగు రెట్టింపు చేయండి. ముదురు నీలం గోడ అయితే అంత మేర తగ్గించండి.

ఫోనుతో తీసేవాళ్లు తెరమీద గోడను వేలితో నొక్కి పట్టుకోండి. చాలా ఫోన్లలో ఫోకస్, వెలుగు రెండూ అక్కడే తాళం పడతాయి. మనిషి ఫ్రేములోకి రాగానే గోడ రంగు మారిపోకుండా ఉంటుంది. ఫోను లెన్స్ ఇంకా వెడల్పు కనుక అంచుల్లో మనిషి సాగిపోతాడు, నడుమకు వచ్చేదాకా ఆగండి.

ఈ పనికి ఒంటరి ప్రయాణమే మేలంటాను. పక్కన ఎవరైనా ఉంటే పది నిమిషాలకు "ఇంకా అయిపోలేదా?" అని అడుగుతారు. వాళ్లు అడగడం న్యాయమే. ఒక్కడినే ఉంటే ఎదుటి అరుగు మీద కాఫీ పెట్టుకుని గంట కూర్చోవచ్చు. ఇంకో లాభం, కాసేపటికి వీధి మనల్ని మరచిపోతుంది. ఎవరైనా చూసి చెయ్యి అడ్డం పెడితే కెమెరా దించి నవ్వి తల వంచడం నా పద్ధతి. తీసేసినదైతే వాళ్ల ఎదుటే చెరిపేస్తాను. పిల్లలనైతే వాళ్ల పెద్దవాళ్లను అడగకుండా తీయను. రేవు పక్క నీళ్లమీద గుంజలు పాతి కట్టిన చీనా కుటుంబాల ఇళ్లున్నాయి. తలుపులు తెరిచే ఉంటాయి, అయినా కెమెరా గడప దాటకూడదు.

గోడల నుంచి విసుగు పుడితే 1801 నాటి కపితాన్ కెలింగ్ మసీదు వైపు నడవండి. ఆ "కెలింగ్" అనే మాట మన కళింగ నుంచి వచ్చిందని చెబుతారు. ఒకప్పుడు దక్షిణ భారతం నుంచి వచ్చినవాళ్లందరినీ అలా పిలిచేవారు. ఇప్పుడు మనుషులను ఆ మాటతో పిలిస్తే తిట్టు కిందే లెక్క, మసీదు పేరులో మాత్రం మిగిలింది. ఆ వీధిలో నడుస్తూ నేను ఒక్క ఫోటో కూడా తీయలేదు, బోర్డులు చదువుకుంటూ పోయాను.

ఈ వారం పనికి పినాంగ్ అక్కర్లేదు. హైదరాబాదులో ఉన్నవాళ్లు ఎం.ఎస్. మక్తాకు వెళ్లండి, 2016 నుంచి ఆ ఇళ్ల గోడలమీద పెద్ద బొమ్మలున్నాయి. మిగతావాళ్లకు ఎరుపు తెలుపు పట్టెల గుడి ప్రహరీ చాలు. పట్టెలు నిలువుగా ఉంటాయి కాబట్టి మీ కెమెరా ఏమాత్రం వాలినా వెంటనే పట్టిస్తాయి. ఒకే చోట గంటసేపు నిలబడండి, ఫ్రేము కదపకండి, కనీసం ఇరవై మందిని తీయండి. ముదురు జుట్టు తల తెల్లపట్టె మీద, కాళ్లు విడివడి, మనిషి చుట్టూ కాస్త ఖాళీ ఉన్నవి వేరు చేయండి. నాకు మొదటిసారి ఇరవైలో ఒకటి కూడా దక్కలేదు.

తీసినవన్నీ ఉంచండి, పాడైనవి కూడా. వచ్చే పాఠంలో దుకాణాల ముందు ఐదడుగుల వెడల్పున సాగే ఆ ఊరి కప్పు నడవల్లోకి వెళ్దాం. అక్కడ సగం వెలుగు, సగం చీకటి. ఈ వారం 500 అంకె అక్కడ పనికిరాదు.