అద్దె ఇల్లు పడగొట్టించే ముందు కరెంటు, నీళ్లు, గ్యాస్ లైన్లు ఎలా తీయించుకోవాలి (వైజాగ్ ఓనర్ల కోసం)

అక్కయ్యపాలెం, సీతమ్మధార, కంచరపాలెం ఎటు చూసినా పాత మేడలు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేస్తున్నారు, వాటిల్లో చాలావరకు పోర్షన్లుగా అద్దెకిచ్చినవే. మనకెన్ని ఫ్లాట్లు బిల్డర్‌కెన్ని అని నెలల తరబడి మాట్లాడుకుంటారు గానీ ఇంట్లోకి వచ్చే కరెంటు, నీళ్లు, డ్రైనేజీ ఎవరు తీయించాలన్నది ఎవరూ ఎత్తరు, ఆ రిస్కంతా చివరికి స్లాబ్ మీద సుత్తి పట్టుకుని నిలబడే కూలీ మీద పడుతుంది. సర్వీసులు, అంటే ఈ కనెక్షన్లు, ఓనర్ పేరు మీద ఉంటాయి కాబట్టి తీయించాల్సింది ఓనరే. బిల్డర్ చూసుకుంటాడులే అని వదిలెయ్యకండి.

ముందు అద్దెకున్నవాళ్ల సంగతి. లోపల మనిషి ఉండగా కరెంటు, నీళ్లు కట్ చేస్తే వాళ్లే ఖాళీ చేస్తారులే అని కొంతమంది సలహాలిస్తారు, దయచేసి వినకండి. అద్దెదారు వాడుకుంటున్న సౌకర్యాల జోలికి ఓనర్ వెళ్లకూడదని అద్దె చట్టమే చెప్తోంది, చట్టం సంగతి పక్కనపెట్టినా పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో అలా చెయ్యడం తప్పు. టైమివ్వండి, అందరూ ఖాళీ చేసి తాళాలు చేతికొచ్చాకే డిస్‌కనెక్షన్ అప్లికేషన్ పెట్టండి. ఖాళీ చేసిన రోజే వాళ్ల ఎదురుగా మీటర్ రీడింగ్ ఫొటో తీసుకుంటే అడ్వాన్స్ తిరిగిచ్చేటప్పుడు గొడవ ఉండదు.

కరెంటు దగ్గర కాస్త ఓపిగ్గా చదవండి, ప్రాణాలు పోయేది ఇక్కడే. మెయిన్ స్విచ్ దింపేస్తే ఇంట్లోకి కరెంటు ఆగుతుంది గానీ స్తంభం నుంచి మీటర్ దాకా ఉన్న సర్వీస్ వైరులో కరెంటు అలాగే ఉంటుంది. బిల్లు కట్టకపోతే వాళ్లే పీకేస్తారులే అనుకోవడం కూడా కుదరదు, అది మళ్లీ కలపడానికి వీలుగా చేసే తాత్కాలిక కట్ మాత్రమే. మనకి కావాల్సింది డిస్మాంటిల్, అంటే మీటర్, సర్వీస్ వైరు రెండూ తీసేసి స్తంభం దగ్గరే విడదీయాలి. మన కరెంటు కంపెనీ ఏపీఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో ఏఈని (అసిస్టెంట్ ఇంజినీర్‌ని) రాతపూర్వకంగా అడగండి, ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 1912కి ఫోన్ చేసినా చెప్తారు. ఒక్కో పోర్షన్‌కి ఒక్కో మీటర్ ఉంటే ఒక్కో సర్వీస్ నంబరూ విడిగా రాయాలి, మెట్ల కింద మోటార్ మీటర్ ఒకటి ఉంటుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. బాకీలు లేకుండా కట్టేస్తే ఫైనల్ బిల్లు పోను మిగిలిన సెక్యూరిటీ డిపాజిట్ వెనక్కి వస్తుంది. సర్వీస్ ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే ముందు పేరు మార్పు చేయించుకోవాలి, ఆ పని బిల్డర్‌తో సంతకాలప్పుడే మొదలుపెట్టడం మంచిది.

లైన్‌మ్యాన్ వచ్చినప్పుడు మీరు దగ్గర ఉండండి. పాత వీధుల్లో పక్కింటి సర్వీస్ వైరు మన పిట్టగోడకి కొట్టిన క్లాంప్ మీదుగా పోతుంది, ఒక్కోసారి స్తంభం ఒరగకుండా లాగి కట్టే స్టే వైరు మన ప్రహరీకే కట్టి ఉంటుంది, గోడ పడితే దాంతోపాటు స్తంభం కూడా ఒరిగిపోవచ్చు. అవి మనవి కావు కాబట్టి మన అప్లికేషన్‌తో పోవు, షిఫ్ట్ చెయ్యమని వేరేగా అడగాలి. 2014లో హుద్‌హుద్ వచ్చి వెళ్లాక మన సిటీలో చాలాచోట్ల అండర్‌గ్రౌండ్ కేబుల్ వేశారు, అలాంటి ఏరియా అయితే పైకి చూస్తే ఒక్క వైరు కూడా కనపడదు, కేబుల్ భూమిలోంచి నేరుగా మీటర్ బోర్డుకి వచ్చేస్తుంది. జేసీబీ పళ్లు దిగేది సరిగ్గా అక్కడే. ఆ కేబుల్ ఎటునుంచి వస్తోందో డిపార్ట్‌మెంట్ వాళ్లనే అడిగి గేటు ముందు సున్నంతో గీత గీయించండి.

మీటర్ పోయాక కూడా ఇల్లు పూర్తిగా చచ్చిందనుకోకూడదు. అటక మీద ఇన్వర్టర్ బ్యాటరీ ఉంటే వైరింగ్‌లోకి కరెంటు పంపుతూనే ఉంటుంది, మేడ మీద సోలార్ ప్యానెల్స్ ఉంటే ఎండ ఉన్నంతసేపూ వాటి వైర్లలో కరెంటు ఉంటుంది. పక్క పోర్షన్ నుంచి దొంగచాటుగా లాక్కున్న వైరు కూడా ఉండొచ్చు. పాత సామాను కొనుక్కునేవాళ్లు తాళం ఇచ్చిన రాత్రే రాగి వైరు కోసం బోర్డులు పీకేస్తారు, అందుకే ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్లి ప్రతి గదిలో ప్రతి బోర్డూ టెస్టర్ పెట్టి చూశాకే వాళ్లకి తాళం ఇవ్వండి. మేస్త్రీ వచ్చి డ్రిల్లింగ్ మెషీన్‌కి కరెంటు కావాలి సార్, ఒక్క మీటర్ ఉంచండి అంటాడు. ఉంచొద్దు, టెంపరరీ సర్వీస్‌కి అప్లై చేసి కూలే గోడకి దూరంగా స్థలం మూలలో పెట్టించండి.

గ్యాస్ సిలిండర్ అద్దెదారు పేరు మీదే ఉంటుంది, వాళ్లు ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటారు, మీరు వంటింటి గట్టు కింద ఏదీ మిగల్లేదని చూసుకుంటే చాలు. పైపు గ్యాస్ ఉంటే మాత్రం ప్లంబర్‌తో ముట్టించొద్దు, కంపెనీవాళ్లే వచ్చి బయటి లైన్ దగ్గర మూసెయ్యాలి. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా బయటికొచ్చి సిలిండర్ గ్యాస్ అయితే 1906కి, పైపు గ్యాస్ అయితే ఆ కంపెనీ ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చెయ్యండి. ఇంటర్నెట్, కేబుల్ బాక్సులు ఎవరివి వాళ్లకి తిరిగిచ్చేసి రసీదు తీసుకోండి.

నీళ్ల కుళాయి జీవీఎంసీది, అంటే మన కార్పొరేషన్‌ది. గేటు దగ్గర వాల్వ్ కట్టేసి ఊరుకుంటే జేసీబీ దాన్ని పీకేసిన రోజు వీధంతా నీళ్లు, పైగా పగిలిన పైపులోంచి మట్టి, మురుగు వీధి మెయిన్ పైపులోకి లాగేస్తే పక్కిళ్లవాళ్లు తాగేది అదే. మెయిన్ పైపు మీద మన లైను మొదలయ్యే ఫెర్రూల్ దగ్గరే మూయించాలి, అది జీవీఎంసీ మనిషే చెయ్యాలి, వార్డు సచివాలయంలో అమెనిటీస్ సెక్రటరీని అడిగితే దారి చెప్తారు. పడగొట్టేటప్పుడు దుమ్ము అణచడానికి నీళ్లు కావాలి, దానికి ట్యాంకర్ తెప్పించుకోవచ్చు.

యూజీడీ (అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ) కనెక్షన్ ఉంటే గేటు దగ్గర ఛాంబర్‌లో పైపు మూతిని ఇటుక, సిమెంటుతో మూయించండి, లేకపోతే సిమెంటు పెళ్లలన్నీ లైన్లోకి పోయి మొదటి వానకే వీధి మ్యాన్‌హోల్ పొంగుతుంది. సెప్టిక్ ట్యాంక్ అయితే లారీతో తోడించి, అడుగు పగలగొట్టి, రాళ్లు ఇసకతో నింపించాలి. ఎంత తక్కువ కూలికి వస్తామన్నా మనిషిని లోపలికి దింపొద్దు, లోపలి గ్యాస్‌కి నిమిషాల్లో పడిపోతారు, మనుషులతో మురుగు తీయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అది నేరం కూడా.

బోరు ఉంటే సబ్‌మెర్సిబుల్ మోటార్ తీయించి కేసింగ్ పైపుకి ఇనప మూత వెల్డింగ్ చేయించండి, గోనెసంచి కట్టి వదిలేస్తే ఆడుకునే పిల్లలకి ప్రమాదం, రాళ్లుపడితే బోరు కూడా పోతుంది, కొత్త బిల్డింగ్‌కి అదే బోరు వాడుకోవచ్చు.

ప్రతి చోటా ఇచ్చిన లెటర్ కాపీ మీద స్టాంపు వేయించుకుని ఒక ఫైల్లో పెట్టండి. జీవీఎంసీ రెవెన్యూ సెక్షన్‌లో ఇంటి పన్నుని ఖాళీ స్థలం పన్నుగా మార్పించుకోడానికి వెళ్లినప్పుడు అవీ, ఇల్లు పడగొట్టక ముందూ పడగొట్టాకా తీసిన ఫొటోలూ పట్టుకెళ్లండి, నీటి చార్జీల బాకీ ఉందేమో అక్కడే చూపించుకోండి.