ఫైబర్ బోటు వెనక పలక పుచ్చిపోతే ఎలా బాగుచెయ్యాలి

ఫైబర్ బోటుకి చెక్క గొడవే ఉండదనుకుంటారు చాలామంది, కానీ ఇంజన్ బిగించే వెనక పలక (ట్రాన్సమ్) చాలా బోట్లలో లోపల ప్లైవుడ్డే, దానికి రెండు పక్కలా ఫైబర్ పొర ఉంటది అంతే. బోల్టు కన్నాల్లోంచి నీళ్ళు దిగి చెక్క పుచ్చిపోద్ది, పైన పెయింట్ మాత్రం బానే కనిపిస్తది. ఉప్పునీళ్ళకన్నా బోటులో నిలిచిపోయిన వాన నీళ్ళే ఎక్కువ కుళ్ళబెడతాయి.

సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ వెళ్ళండి, పుచ్చినచోట డొల్ల శబ్దం వస్తది. అనుమానముంటే లోపలివైపు నుంచి సన్న డ్రిల్లు పెట్టి చూడండి, పొట్టు నల్లగా తడిగా వచ్చిందంటే పలక మార్చాల్సిందే. కొందరు కన్నాలేసి రెజిన్ (ఫైబర్ పనికి వాడే, గట్టిపడే జిగురు ద్రవం) పోసి సరిపెడతారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు, తడి చెక్కకి రెజిన్ పట్టదు, ఇంజన్ బరువూ తోపుడూ మొత్తం ఆ పలక మీదే కాబట్టి సముద్రంలో ఊడిందంటే మనుషుల ప్రాణాలమీదకొస్తది.

ముందు బోటు వంగకుండా అడుగున దుంగలు సమంగా పెట్టి, లోపలి ఫైబర్ పొర మాత్రమే గ్రైండర్‌తో కొయ్యండి, అంచుల్లో రెండు మూడంగుళాలు వదిలేసి. బయటి పొర ముట్టుకోవద్దు, బోటు షేపు అదే నిలబెడతది. చెక్కంతా ఉలితో తీసి, మెరుపు పోయేదాకా 40 నంబరు డిస్కుతో గీకి, ఆరాక అసిటోన్‌తో తుడవండి. ఈ ధూళి చర్మానికీ ఊపిరితిత్తులకీ మంచిది కాదు, మాస్కు, కళ్ళద్దాలు, ఫుల్ చేతుల చొక్కా తప్పనిసరి.

అట్టముక్కతో కొలత తీసుకుని మెరైన్ ప్లై (ఐఎస్ 710) కొయ్యండి, పాత పలక మందం ఎంతుందో అంతే రావాలి, ఒక షీటు చాలకపోతే రెండు అతికించండి. అన్ని వైపులా, ముఖ్యంగా అంచులకి, రెజిన్ పట్టించాకే లోపల పెట్టాలి. రెజిన్‌లో సిలికా పొడి కలిపి ముద్దలా చేసి బయటి పొరకి రాసి పలక అద్ది క్లాంపులు వెయ్యండి, చుట్టూ కాస్త ముద్ద బయటికి వచ్చేంత బిగిస్తే చాలు, మరీ బిగిస్తే మధ్యలో ముద్దంతా జారిపోయి పొడిగా మిగిలిపోద్ది. మూలల్ని అదే ముద్దతో గుండ్రంగా నింపి, రెజిన్‌తో తడిపిన మ్యాట్ (చిన్న గాజు పోగులు పరిచిన షీటు), రోవింగ్ (మందంగా నేసిన గాజు గుడ్డ) ఒకటి మార్చి ఒకటి, ప్రతి పొరా కిందదానికన్నా వెడల్పుగా వేస్తూ, పక్కగోడల మీదకీ అడుగు మీదకీ ఎక్కించి రోలర్‌తో గాలి బుడగలు తీసెయ్యండి.

కోబాల్ట్ (రెజిన్ త్వరగా గట్టిపడేలా చేసే మందు) ముందు రెజిన్‌లో బాగా కలిసిపోయాకే హార్డనర్ (రెజిన్‌ని గట్టిపరిచే రసాయనం) వెయ్యాలి, ఆ రెండూ నేరుగా కలిస్తే పేలుద్ది, జాగ్రత్త. కేజీ రెజిన్‌కి 10 నుంచి 20 గ్రాముల హార్డనర్, ఎండాకాలంలో తక్కువే వేసుకుని, కొంచెం కొంచెంగా కలుపుకుంటూ పొద్దున్నే చల్లపూట పని కానిచ్చేయండి, వానల్లో మాత్రం మొదలుపెట్టొద్దు.

ఇంజన్ బోల్టుల కన్నాలు అవసరమైనదానికన్నా పెద్దవి వేసి, ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) పూర్తిగా నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు సైజు కన్నం వెయ్యండి, బోల్టుకి మెరైన్ సీలెంట్ రాసి బిగించండి. అప్పుడు కన్నంలోకి నీళ్ళు దిగినా చెక్కని తాకవు.